శ్రీలంకలో మలేరియా పోయింది, స్లయిడ్లు చూడటం మాత్రం ఆపలేదు

శ్రీలంక మలేరియాని వదిలించుకుంది అని ఎవరితోనైనా అనండి, వెంటనే ఒక జవాబు వస్తుంది. "అదెంత దేశమండీ, మన తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ, పైగా చుట్టూ సముద్రం. అక్కడ కుదిరిందని ఇక్కడా కుదరాలని ఏముంది?" ఈ మాట నేను ట్రైనింగుల్లో విన్నాను, జిల్లా మీటింగుల్లో విన్నాను, పెద్ద చదువులు చదివిన డాక్టర్ల నోట కూడా విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. ఈ ఒక్క మాట అడ్డం పెట్టుకుని మనం చేయాల్సిన పని నుంచి మనమే తప్పించుకుంటున్నాం.

నేను ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చాలా ఏళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. మలేరియా గురించి నాకు తెలిసిన దాంట్లో ఎక్కువ భాగం మైక్రోస్కోపు కింద తెలిసిందే. మిగతాది చదువుకుని తెలుసుకున్నాను, అందులో అన్నిటికంటే ఎక్కువసార్లు చదివింది శ్రీలంక కథ. ఆ దేశం మలేరియా మీద ఒకసారి కాదు, రెండుసార్లు గెలిచింది. మొదటి గెలుపు చేజారిపోయింది, రెండోది నిలబడింది. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో చూస్తే మనకి కావాల్సిందంతా అందులోనే దొరుకుతుంది.

ముందు ఆ సముద్రం సంగతి తేలుద్దాం. చుట్టూ నీళ్ళుండటమే కారణమైతే ఆ ద్వీపంలో అసలు మలేరియా ఉండకూడదు. 1934లో కూడా సిలోన్ చుట్టూ ఇదే సముద్రం ఉంది. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు ముఖం చాటేశాయి. వానలు లేకపోతే దోమలు తగ్గుతాయని మనం అనుకుంటాం, అక్కడ సరిగ్గా తలకిందులుగా జరిగింది. దెదురు ఓయ, మహా ఓయ లాంటి నదులు మామూలుగా నిండుగా పారే ప్రాంతంలో ప్రవాహం ఆగిపోయి, ఇసుక తిన్నెల మధ్య ఎక్కడికక్కడ తేట నీటి మడుగులు మిగిలాయి. ఎండ తగిలే తేట నీరంటే అనాఫిలిస్ కులిసిఫేసిస్ అనే దోమకి ప్రాణం. (మన మైదాన ప్రాంతాల్లో మలేరియాని మోసేది కూడా ఎక్కువగా ఈ దోమే.) ఎప్పుడూ వానలు పడే ఆ తడి ప్రాంతంలో మలేరియా పెద్దగా ఉండేది కాదు, కాబట్టి జనానికి దాన్ని తట్టుకునే శక్తి లేదు. పైగా అప్పటికే ఆర్థిక మాంద్యంతో కడుపు మాడుతున్న రోజులు. దాదాపు 55 లక్షల జనాభా ఉన్న దేశంలో ఏడాది తిరక్కముందే సుమారు 80 వేల మంది చనిపోయారు. అందులో పసిపిల్లలు ఎందరో.

ఆ కష్టకాలంలో ఎన్.ఎం. పెరీరా లాంటి యువ వామపక్ష నాయకులు ఊరూరా తిరిగి మందులు, పప్పు పంచారు. ఆ పప్పు వల్లే పెరీరాకి "పరిప్పు మహత్తయా" అని పేరొచ్చింది, మన భాషలో చెప్పాలంటే పప్పు దొర. కొయినా (క్వినైన్ మందు) ఇచ్చి వదిలేస్తే సరిపోదు, కడుపుకి ఇంత తిండి కూడా పడాలని వాళ్ళకి అర్థమైంది. ఆ తర్వాత కొన్నేళ్ళలోనే పల్లెల్లో ఆసుపత్రులు, మందులిచ్చే కేంద్రాలు పెరిగాయి, ఉచిత విద్య వచ్చింది, ఇంటింటికీ తిరిగే మంత్రసానుల వ్యవస్థ బలపడింది. శ్రీలంక ఆరోగ్య వ్యవస్థని ఈ రోజు అందరూ మెచ్చుకుంటారు గానీ, దాని వెనక ఆ 80 వేల చావులున్న సంగతి మాట్లాడేవాళ్ళు తక్కువ.

తర్వాత డీడీటీ అనే దోమల మందు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళకి ఇళ్ళ గోడల మీద కొట్టడం మొదలుపెట్టారు. కులిసిఫేసిస్ రక్తం తాగాక కాసేపు గోడ మీద వాలి సేద తీరుతుంది, అక్కడ మందు ఉంటే చచ్చిపోతుంది. ఫలితం ఎవరూ ఊహించనంతగా వచ్చింది. 1946లో 27 లక్షలకి పైగా ఉన్న కేసులు 1963 నాటికి 17కి పడిపోయాయి. పదిహేడు వేలు కాదు, దేశం మొత్తానికి పదిహేడంటే పదిహేడు.

ఇక గెలిచామనుకున్నారు. అప్పటి అంతర్జాతీయ పద్ధతి ప్రకారం "దాడి" దశ అయిపోయింది, ఇక నిఘా చాలు అని గోడల మీద మందు కొట్టడం ఆపేశారు. డబ్బు తగ్గింది, మనుషులు తగ్గారు, నిఘా కూడా సడలింది. తర్వాతి ఏడాదుల కేసులు వరసగా చూడండి: 1964లో 150, 1965లో 308, 1966లో 499, 1967లో 3,466. ఆ తర్వాత 1968లో దాదాపు 4 లక్షల 40 వేలు, 1969లో 5 లక్షల పైన.

ఈ వరస చూస్తే నాకు నిద్ర పట్టదు. 17 నుంచి 499 దాకా వెళ్ళడానికి మూడేళ్ళు పట్టింది, అంటే మూడేళ్ళ పాటు ఎక్కడో ఒక చోట ఎవరో ఒకరు రక్తపు స్లయిడులో మలేరియా పరాన్నజీవిని చూస్తూనే ఉన్నారు. చూడాల్సిన స్లయిడ్లు ఇంకెన్నో అసలు చూడలేదు. అడవి కొట్టి పోడు చేసుకునేవాళ్ళు, రత్నాల కోసం నేల తవ్వేవాళ్ళు ఇళ్ళు వదిలి నెలల తరబడి గుడిసెల్లో ఉంటారు. వాళ్ళు తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్ళు నిలుస్తాయి, ఆ గుడిసెలకి మందు కొట్టడానికి గోడలే ఉండవు. పరాన్నజీవి అక్కడ నివురుగప్పిన నిప్పులా ఉండిపోయింది. వాళ్ళు సెలవులకి సొంత ఊళ్ళకి వెళ్ళినప్పుడు దాన్నీ వెంట తీసుకెళ్ళారు.

ఇక్కడ ఒక అబద్ధాన్ని కూడా తేల్చాలి, వాట్సాప్‌లో ఇది ఏడాదికి రెండుసార్లయినా నా దగ్గరికి వస్తుంది. పర్యావరణవాదులు డీడీటీని నిషేధించడం వల్ల శ్రీలంకలో లక్షలమందికి మలేరియా వచ్చిందని, దానికి ఒక పుస్తకమే కారణమని. తారీఖులు చూస్తే చాలు. అమెరికా డీడీటీని నిషేధించింది 1972లో. సిలోన్‌లో మలేరియా తిరగబెట్టింది 1967, 68లో. మందు కొట్టడం ఆపింది నిషేధం వల్ల కాదు, రోగం పోయిందనుకోవడం వల్ల. పైగా తిరగబెట్టగానే మళ్ళీ డీడీటీయే కొట్టారు, కానీ అప్పటికి దోమ దానికి అలవాటు పడిపోయింది, 1969లో ఆ సంగతి బయటపడింది. తర్వాత మలాథియాన్‌కి మారాల్సి వచ్చింది, అది ఖరీదెక్కువ, వాసన భరించలేక జనం ఇళ్ళల్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఇంత స్పష్టంగా ఉన్న విషయాన్ని వంకర తిప్పి ఎవరి మీదో తోసేస్తే, "రోగం తగ్గగానే పని ఆపేశాం" అనే అసలు తప్పు ఎవరికీ కనపడదు.

ఇప్పుడు నా ల్యాబ్ గురించి కొంచెం చెప్పాలి, అది తెలియకపోతే నా వాదన సగమే అర్థమవుతుంది. మలేరియా స్లయిడ్ అంటే ఒక గాజు పలక మీద రెండు మరకలు. ఒకటి మందంగా, గుండ్రంగా, పరాన్నజీవి ఉందా లేదా తేల్చడానికి. రెండోది పల్చగా నాలికలా సాగదీసింది, ఉంటే ఏ రకమో తేల్చడానికి. ఆ పల్చటి మరక మీదే పెన్సిలుతో నంబరు రాస్తాం. రంగులో ముంచి, కడిగి, ఆరబెట్టి, ఒక చుక్క నూనె వేసి, మందపు మరకలో కనీసం వంద ఫీల్డులు (లెన్సులో ఒకసారికి కనిపించే మేర ఒక ఫీల్డు) చూడాలి. వైవాక్స్ రకం మలేరియా అయితే ఎర్రకణం ఉబ్బి, లోపల ఉంగరంలా కనిపిస్తుంది. ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం ముదిరాక నెలవంకల్లాంటి రూపాలు కనిపిస్తాయి, ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. వంద ఫీల్డులు శ్రద్ధగా చూడటానికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. మెడ పట్టేస్తుంది, కళ్ళు లాగుతాయి.

సీజన్‌లో పాజిటివ్‌లు వస్తుంటే అలసట తెలియదు. అసలు పరీక్ష పాజిటివ్‌లు తగ్గిపోయాక మొదలవుతుంది. రోజంతా కూర్చుని చూసినవన్నీ నెగెటివే అయినప్పుడు, ఇరవయ్యో ఫీల్డుకే తీసేసి నెగెటివ్ రాసేద్దామని చెయ్యి లాగుతుంది. పైవాళ్ళకి కూడా అదే అనిపిస్తుంది: "కేసులే లేవుగా, ఇంకా ఇతనెందుకు ఇక్కడ? కోవిడ్ శాంపిళ్ళకి పంపండి, డెంగీకి పంపండి." నేను పనిచేసిన చోట ఒక పోస్టు ఖాళీ అయితే ఏళ్ళ తరబడి నింపలేదు. ఊళ్ళ నుంచి స్లయిడ్లు పాత పేపర్లలో చుట్టి వచ్చేవి, విప్పి చూస్తే కొన్నిటి మీద మరకే ఉండేది కాదు, ఈగలో చీమలో తినేసేవి. నంబరుంది, పేరుంది, రక్తం లేదు. రెండు వారాలు ఆలస్యంగా వచ్చిన స్లయిడులో ఫాల్సిపారం కనిపిస్తే ఆ మనిషి ఎలా ఉన్నాడో కనుక్కోవడానికి కొండ ఎక్కాల్సి వచ్చేది. కొన్నిసార్లు ఆ కబురు వినడానికి ధైర్యం చాలేది కాదు.

అందుకే శ్రీలంక రెండో గెలుపు నాకు అంత పెద్దగా కనిపిస్తుంది. 1999లో అక్కడ 2,64,549 కేసులున్నాయి. దేశం అంతర్యుద్ధంలో ఉంది. మలేరియా ఎక్కువగా ఉన్న ఉత్తర, తూర్పు జిల్లాలే యుద్ధం నడిచే జిల్లాలు. మందు కొట్టే డబ్బాలు, రక్తపు స్లయిడ్లు, దోమతెరలు చెక్‌పోస్టులు దాటి అటూ ఇటూ వెళ్ళాలి. తమిళ పులుల (ఎల్‌టీటీఈ) అధీనంలో ఉన్న ఊళ్ళల్లో కూడా ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది పనిచేశారు, కొలంబో ప్రభుత్వమే వాళ్ళకి జీతాలిచ్చింది. 2002లో కాల్పుల విరమణ వచ్చింది, అంతర్జాతీయ నిధి నుంచి డబ్బు వచ్చింది, సర్వోదయ లాంటి సంస్థలు ఊళ్ళల్లోకి వెళ్ళాయి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఇక మలేరియా విజృంభిస్తుందని అందరూ భయపడ్డారు, విజృంభించలేదు. చిన్న దేశం కాబట్టి సులువైంది అనేవాళ్ళు ఈ పదేళ్ళ చరిత్ర ఒక్కసారి చదవాలి. మనకి యుద్ధం లేదు, రోడ్లున్నాయి, మనుషులున్నారు, మందులు మన దేశంలోనే తయారవుతాయి.

పద్ధతిలో వింత ఏమీ లేదు. ఏ ప్రాంతంలో ఏ మందుకి దోమ చస్తుందో పరీక్షించి, మందులు మారుస్తూ, అవసరమున్న చోటే గోడలకి కొట్టారు. దోమతెరలు పంచారు. ఆసుపత్రికి రాలేనివాళ్ళ దగ్గరికి వ్యాన్లో మైక్రోస్కోపు తీసుకుని వెళ్ళారు, రత్నాల గుంతలు, పోడు, సైనికుల క్యాంపులు, ఏదీ వదల్లేదు. పాడుబడ్డ బావుల్లో, గుంతల్లో దోమ పిల్లల్ని తినే చేపలు వదిలారు. యాన్ ఓయ అనే ఏట్లో మడుగులు కట్టకుండా కాలువ నీటిని ఎప్పుడెంత వదలాలో కూడా అధ్యయనం చేశారు, సాగునీటి ఇంజనీర్లు దోమల మీద ఆలోచించడం నేను ఎక్కడా వినలేదు, ఇది నాకు చాలా నచ్చింది. కేసులు వందల్లోకి దిగాక ఒక్కో రోగిని ఒక్కో సంఘటనలా తీసుకున్నారు: ఎక్కడ పడుకున్నాడు, ఎక్కడికి వెళ్ళాడు, చుట్టుపక్కల ఇంకెవరికి జ్వరముంది, ఆ ఇంటి దగ్గర ఏ దోమలున్నాయి. 2012లో దేశంలోనే పుట్టిన కేసులు 23. చివరిది ఆ అక్టోబరులో. 2016 సెప్టెంబరు 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకని మలేరియా రహిత దేశంగా ప్రకటించింది.

1963కీ 2012కీ తేడా ఆ తర్వాత ఏం చేశారన్న దాంట్లో ఉంది. ఈసారి మలేరియా నిర్మూలన విభాగాన్ని మూసేయలేదు. ప్రకటన వచ్చాక కూడా ఏటా సుమారు పది లక్షల మంది రక్తం పరీక్షిస్తూ వచ్చారు, దొరికేది నలభయ్యో యాభయ్యో కేసులు, అవీ బయటి దేశాల్లో అంటుకుని వచ్చినవి. పది లక్షల నెగెటివ్‌లు! ఆ పని విలువేమిటో ల్యాబులో కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. ఇరవై నాలుగు గంటలూ ఎత్తే ఫోను నంబరొకటి పెట్టారు, ఏ డాక్టరుకి అనుమానం వచ్చినా దానికి చేయొచ్చు, మందు ఆ విభాగమే పంపిస్తుంది. ఐక్యరాజ్యసమితి శాంతి సేనలో ఆఫ్రికా వెళ్ళే సైనికులకి ముందే మాత్రలిస్తారు, తిరిగొచ్చాక రక్తం చూస్తారు. మడగాస్కర్ వెళ్ళొచ్చే రత్నాల వ్యాపారులు, బుద్ధగయకి వెళ్ళొచ్చే యాత్రికులు, పనికొచ్చే విదేశీ కార్మికులు, ఎవరెవరితో పరాన్నజీవి రాగలదో వాళ్ళకి లెక్క ఉంది. ఇలా వచ్చే కేసుల్లో మన దేశం నుంచి వెళ్ళేవి ఏటా గణనీయంగా ఉంటాయి, అంటే వాళ్ళు కాపాడుకుంటున్నది మన నుంచి కూడా. మన దగ్గరి పరాన్నజీవిని ఆపుతున్నది వాళ్ళ చుట్టూ ఉన్న సముద్రం కాదు, దాన్ని విమానంలో గంటన్నరలో దాటేయొచ్చు. ఆపుతున్నది ఆ ఫోను నంబరూ ఆ స్లయిడ్లూ.

2018 డిసెంబరులో మొనరాగల జిల్లాలో అదే పరీక్షకి వచ్చింది. పనికోసం విదేశం నుంచి వచ్చిన ఒక కార్మికుడికి వైవాక్స్ ఉంది, అతన్ని కుట్టిన దోమ ద్వారా ఒక స్థానికుడికి అంటుకుంది. నిర్మూలన తర్వాత అలాంటిది అదే మొదటిసారి. వెంటనే పట్టుకున్నారు, అక్కడితో ఆగిపోయింది. అరవైల్లో అయితే ఆ ఒక్కటి 150 అయి ఉండేది. 2022లో పెట్రోలు లేక, మందులు లేక, దేశం చేతులెత్తేసిన రోజుల్లో కూడా మలేరియా మళ్ళీ పాతుకోలేదు. అలాగని అంతా బాగుందని నేను అనను. 2016 చివర్లో మన్నార్‌లో అనాఫిలిస్ స్టీఫెన్సీ దొరికింది, తర్వాత జాఫ్నాలో కూడా. ఇది మన నగరాల దోమ, మేడ మీది ట్యాంకుల్లో, సిమెంటు తొట్టెల్లో, బావుల్లో పెరుగుతుంది. ఊరి దోమతో పోరాడి నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు పట్నం దోమని నేర్చుకోవాలి.

బోదకాలు సంగతికి వస్తే నాకు ఇది ఇంటి విషయం. మా మేనత్తది కోనసీమ. ఆవిడ కుడికాలు బోద. ఏడాదికి మూడు నాలుగుసార్లు కాలు ఎర్రబడి, గజ్జల్లో బిళ్ళలు కట్టి, చలితో జ్వరం వచ్చి పడిపోయేది. పెళ్ళిళ్ళకి వచ్చేది కాదు, ఫొటోల్లో ఎప్పుడూ వెనక నిలబడేది. పెద్దయ్యాక నేనే చూసుకునేవాణ్ణి: గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, మడతల మధ్య వేలుతో మెల్లగా కడగడం, వేళ్ళ సందుల్లో తడి లేకుండా పొడి గుడ్డతో అద్దడం, ఒరిసిన చోట పూత మందు, పడుకున్నప్పుడు కాలు కింద దిండు. ఇంతే. రోజూ ఇది చేశాక ఆ జ్వరాలు దాదాపు ఆగిపోయాయి. ఇరవై ఏళ్ళ ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆవిడ బతుకు వేరేగా ఉండేది. చెప్పాల్సినవాళ్ళు ఆ ఊరికి రాక కాదు, మాత్ర ఇచ్చి వెళ్ళారు, కాలు వైపు చూడలేదు.

శ్రీలంకలో బోదకాలు పడమటి, దక్షిణ తీరాల జబ్బు, కొలంబో నుంచి హంబన్‌తోట దాకా, ఉత్తరాన పుత్తలం దాకా మొత్తం ఎనిమిది జిల్లాలు. బోద పురుగుని మోసే క్యూలెక్స్ దోమ మురుగులో పెరుగుతుంది, ఆ తీరంలో పీచు కోసం కొబ్బరి డొక్కలు నానబెట్టే గుంతలు కూడా దానికి పుట్టిళ్ళు. 1947లోనే దీనికి ప్రత్యేక విభాగం పెట్టారు. 2002 నుంచి 2006 దాకా, ఏడాదికోసారి, సుమారు కోటి మంది ఉండే ఆ ఎనిమిది జిల్లాల్లో ఆ పురుగుని చంపే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు పంచారు. 2016లో, మలేరియా ప్రకటనకి కొన్ని నెలల ముందే, బోదకాలు కూడా ప్రజారోగ్య సమస్యగా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

మనకి తెలియని మందులేం కావు ఇవి. రాజమండ్రిలో బోదకాలు మీద శిక్షణ ఇచ్చే కేంద్రం ఎప్పటి నుంచో ఉంది, 2004 నుంచి మన జిల్లాల్లోనూ ఏటా మాత్రలు పంచుతూ వచ్చాం. మరి ఎక్కడ తేడా వచ్చింది? పంచడానికీ మింగడానికీ మధ్య. నేను ఆ డ్యూటీలో ఇళ్ళకి వెళ్ళినప్పుడు విన్న మాటలు దాదాపు ఇవే: "భోంచేసి వేసుకుంటాం, అక్కడ పెట్టండి." "నాకు కాలేం వాయలేదుగా, నాకెందుకు?" తర్వాతి ఏడాది వెళితే టీవీ పక్కన డబ్బాలో పోయినేడాది మాత్రలు అలాగే ఉంటాయి. వాళ్ళని తప్పు పట్టలేను, ఎవరూ విడమర్చి చెప్పలేదు. కాలు వాచినవాళ్ళ రక్తంలో చాలాసార్లు పురుగు పిల్లలే ఉండవు. ఏ బాధా లేకుండా తిరిగే మనిషి రక్తంలో, రాత్రి పది దాటాక, వేలకొద్దీ తిరుగుతుంటాయి. (అందుకే ఆ పరీక్షకి రాత్రిపూట తలుపు తట్టాల్సి వస్తుంది.) తల్లి పురుగు ఏళ్ళ తరబడి బతుకుతుంది, ఈ మాత్రలు ముఖ్యంగా పిల్లల్ని చంపుతాయి, అందుకే ఒకసారి కాదు, వరసగా కొన్నేళ్ళు, రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుతో ఉన్నవాళ్ళు తప్ప ఊళ్ళో ప్రతి ఒక్కరూ మింగాలి. మాత్ర వేసుకున్నాక కళ్ళు తిరిగినా, కాస్త జ్వరం వచ్చినా చాలామందికి అది పురుగులు చస్తున్న గుర్తే. ఇది చెప్పకుండా మాత్ర చేతిలో పెట్టి రిజిస్టరులో టిక్కు కొడితే కాగితం మీద తొంభై శాతం వస్తుంది, రక్తంలో పురుగు అలాగే ఉంటుంది. ఎదురుగా నిలబడి మింగించాలి, సిబ్బందికి అంత టైము ఇవ్వాలి. ఒక్కో కార్యకర్తకి అన్ని ఇళ్ళు రెండు రోజుల్లో ముగించమని టార్గెట్ పెడితే ఏ దేశంలోనూ ఇది జరగదు.

శ్రీలంకవాళ్ళు ఇక్కడ కూడా దుకాణం కట్టేయలేదు. రాత్రి రక్త పరీక్షలు ఇప్పటికీ చేస్తున్నారు, దోమల్ని పట్టి వాటిలో పురుగు జాడ ఉందేమో చూస్తున్నారు. గాల్ జిల్లాలో కొన్ని చోట్ల ఇంకా మొండిగా మిగిలింది. నీటి మీద తేలే అంతర తామర మొక్కని తీసేసి, దాని మీద బతికే దోమని తగ్గించి, అరవైల్లోనే పోగొట్టామనుకున్న బ్రూగియా అనే ఇంకో రకం బోద పురుగు నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ కనిపించింది. ఈసారి అది కుక్కల్లో, పిల్లుల్లో కూడా ఉంది. వెతుకుతున్నారు కాబట్టి కనిపించింది. వెతక్కపోతే ఎక్కడా ఏమీ కనిపించదు, రిపోర్టులో సున్నా అని అందంగా ఉంటుంది.

ఆ దేశం మీద నాకు ఒక ఫిర్యాదు కూడా ఉంది, పొగడ్తతోనే ఆపడం నాకిష్టం లేదు. లీష్మానియా అనే పరాన్నజీవి. బీహార్‌లో కాలా అజార్ అనే జ్వరం తెచ్చే డోనొవానీ జాతే, కానీ శ్రీలంకలో అది ఎక్కువగా చర్మం మీద పుండుగా వస్తుంది. అక్కడే అంటుకున్న మొదటి కేసు 1992లో బయటపడింది. తర్వాత ఉత్తరాన వన్నీ ప్రాంతపు అడవుల్లో ఉన్న సైనికుల్లో, అనురాధపురం, పొలొన్నరువ, హంబన్‌తోట, మాతర వైపు రైతుల్లో పెరుగుతూ వచ్చింది, కొన్నేళ్ళలో ఏటా మూడు వేలు దాటింది. అనురాధపురం జిల్లా తంబుత్తేగమ దగ్గర కుదాగమలో మన తెలుగు మాట్లాడే అహికుంటిక కుటుంబాలున్నాయి, పాములాడించుకుంటూ ఊరూరా తిరిగి స్థిరపడినవాళ్ళు, వాళ్ళ జిల్లా కూడా ఇదే. 2008లో ఈ జబ్బుని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జాబితాలో చేర్చారు, అంటే మొదటి కేసు తర్వాత పదహారేళ్ళకి.

ఈ పుండుకి నొప్పి ఉండదు. చేతి మీదో చెంప మీదో చిన్న పొక్కులా మొదలై మెల్లగా పెద్దదవుతుంది. నొప్పి లేని పుండు కోసం కూలి మానుకుని ఎవరు ఆసుపత్రికి వెళ్తారు? వెళ్ళినా వారం వారం ఆ పుండులోకే సూది వేస్తారు, నెలల తరబడి. రెండు వారాలు వెళ్ళి మానేసేవాళ్ళని అర్థం చేసుకోగలను. మోసేది ఇసుక ఈగ, దోమ కంటే చాలా చిన్నది, దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. కాబట్టి మలేరియా పనిముట్లన్నీ యథాతథంగా ఇక్కడ పనికిరావు. కానీ ఒకటి పనికొస్తుంది, దాని కోసమే ఇదంతా రాస్తున్నాను. పుండు అంచు నుంచి తీసిన చిన్న గాటు మరకకి వేసేది మలేరియాకి వాడే గీమ్సా రంగే. చూసేది అదే మైక్రోస్కోపు, అదే నూనె చుక్క, అదే వంద రెట్ల లెన్సు. ఏటా పది లక్షల నెగెటివ్ స్లయిడ్లు చూసి కళ్ళు అరగదీసుకున్న టెక్నీషియన్లు ఆ దేశంలో ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. మలేరియా లేదు కదా, వీళ్ళెందుకు అని ఏ ఆర్థిక శాఖ అధికారైనా అడిగే రోజు వస్తుంది, ఈ పాటికే అడుగుతుంటారు. వాళ్ళ పోస్టులు తీసేసే బదులు వాళ్ళకి ఈ రెండో మరక కూడా నేర్పించి, పల్లె క్లినిక్కులోనే పుండు పరీక్ష జరిగేలా చూడాలి, సూది కోసం జిల్లా ఆసుపత్రి దాకా పోవాల్సిన అవసరం లేకుండా మందు కూడా కిందికి పంపాలి. మా ఏజెన్సీలో కూడా మలేరియా తగ్గుతున్న కొద్దీ ల్యాబ్ పోస్టుల మీద అదే ప్రశ్న వస్తుంది. క్షయ కఫం, బోదకాలు రాత్రి రక్తం, మలేరియా, మూడూ ఒకే మనిషి ఒకే బల్ల దగ్గర చూడగలడు. ఖాళీ పోస్టులు నింపి, జీతాలు నెలనెలా ఇస్తే చాలు.